హెవీ మెటల్‌కు ట్యూబ్ ఆంప్: పీవీ 6505 మినీ హెడ్, విజయవాడ ఇంటి గదిలోనూ గుంటూరు రిహార్సల్ హాలులోనూ

గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటారు సిగ్నల్‌ను పెంచే ట్యూబ్ ఆంప్‌ను పూర్తి వాల్యూమ్‌లో పెట్టి, పవర్ ట్యూబులు మూలిగేదాకా వాయిస్తేనే దాని అసలు ధ్వని బయటికి వస్తుందన్న నమ్మకం గిటారిస్టులలో బాగా పాతుకుపోయి ఉంది. బ్లూస్ వాయించేవారికి, 1970ల నాటి రాక్ వాయించేవారికి అది చాలావరకు నిజమే. హెవీ మెటల్ వాయించేవారు మాత్రం ఆ మాట పట్టుకుని ఆంప్ ఎంచుకుంటే తమకు అక్కరలేని పెట్టెను ఇంటికి తెచ్చుకుంటారు. మెటల్ రిఫ్‌లో, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు పదంలో, మనం వినే దట్టమైన డిస్టార్షన్ (తరంగం తెగి పుట్టే గరుకుదనం) దాదాపు అంతా ప్రీయాంప్‌లోనే, అంటే సిగ్నల్‌ను మొదట పెంచి ధ్వనిని తీర్చే భాగంలోనే తయారవుతుంది. స్పీకరును నడిపే పవర్ సెక్షన్ చేయవలసిందల్లా ఆ ధ్వనిని చెడగొట్టకుండా, కింది స్వరాల బిగువు సడలకుండా స్పీకరుకు అందించడమే. ఏ ఆంప్‌ను చూసినా ముందు ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలని నా అభిప్రాయం. ఈ సమీక్ష అంతా ఆ కొలతతోనే రాస్తున్నాను.

సమీక్షిస్తున్నది పీవీ కంపెనీ 6505 ఎంహెచ్ అనే 20 వాట్ల చిన్న హెడ్, అంటే స్పీకరు లేని ఆంప్ పెట్టె. విజయవాడ పటమటలోని మా అపార్టుమెంటులో రోజూ దీని మీదనే సాధన చేస్తాను. ఆదివారాలు గుంటూరు బ్రాడీపేటలో మిత్రులు అద్దెకు తీసుకున్న పై అంతస్తు హాలులో, డ్రమ్ముల పక్కన కూడా దీన్నే వాయిస్తాను. పోలిక కోసం మార్షల్ డీఎస్ఎల్20 హెచ్ఆర్‌ను, 6ఎల్6 ట్యూబులున్న ఈవీహెచ్ 5150 త్రీ 50 వాట్ల హెడ్‌ను అదే గిటారుతో, అదే క్యాబినెట్‌తో (స్పీకర్ల పెట్టెతో) విన్నాను. గిటారు మారినా, క్యాబినెట్ మారినా ఆంప్‌ల పోలికకు అర్థం ఉండదు కనుక ఈ జాగ్రత్త అవసరమైంది.

ఈ హెడ్ పుట్టుక తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుంది. హార్ట్‌లీ పీవీ 1965లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, మెరీడియన్ పట్టణంలో తన కంపెనీని స్థాపించారు. 1992లో ఆ కంపెనీ ఎడ్డీ వాన్ హేలెన్‌తో కలిసి 5150 పేరుతో 120 వాట్ల హెడ్‌ను విడుదల చేసింది. హార్డ్ రాక్ గిటారిస్టు కోసం తయారైన ఆ ఆంప్‌ను మెటల్ వాయించేవారు తమ సొంతం చేసుకున్నారు. మషీన్ హెడ్ వంటి బృందాలు దాన్ని వాడాయి. ఇంగ్లండుకు చెందిన ప్రొడ్యూసర్ ఆండీ స్నీప్ రికార్డింగుల ద్వారా ఆ ధ్వని ఒక తరం చెవులకు అలవాటైంది. వాన్ హేలెన్ పీవీ నుంచి విడిపోయినప్పుడు 5150 అన్న పేరు ఆయనతోనే వెళ్ళింది, సర్క్యూట్ మాత్రం పీవీ వద్దనే ఉండిపోయింది. కంపెనీ 1965 నుంచి 2005 వరకు గడిపిన నలభై ఏళ్ళకు గుర్తుగా ఆ సర్క్యూట్‌కు 6505 అని పేరు పెట్టారు. ఎంహెచ్ అన్నది మినీ హెడ్‌కు పొడి అక్షరాలు. పెద్ద హెడ్‌లో పవర్ సెక్షన్‌కు నాలుగు 6ఎల్6 ట్యూబులుంటే, ఇందులో రెండే రెండు ఈఎల్84 ట్యూబులు, ప్రీయాంప్‌లో మూడు 12ఏఎక్స్7 ట్యూబులు ఉన్నాయి.

12ఏఎక్స్7 లోపల జరిగేది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మెటల్ ధ్వని పుట్టే చోటు అదే. ఒక్కొక్క 12ఏఎక్స్7 గాజు గొట్టంలో రెండు ట్రయోడ్లు ఉంటాయి, దాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100. గిటారు తీగల కంపనాన్ని పట్టే పికప్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ మొదటి దశలో పెరిగి, రెండో దశ భరించగలిగిన హద్దు దాటి అందులోకి దూకుతుంది. అక్కడ తరంగపు శిఖరాలు తెగిపోతాయి. తెగిన ఆ తరంగమే మళ్ళీ పెరిగి మూడో దశలోకి, నాలుగో దశలోకి వెళ్ళి ప్రతిచోటా మరికొంత తెగుతుంది. ఇలా ఒకదాని వెనుక ఒకటి పేర్చిన దశల వల్లనే తీగను ఒక్కసారి మీటినా స్వరం చాలాసేపు నిలబడుతుంది, దానిలో గరుకుదనం నిండుతుంది. మంచి హై గెయిన్ (సిగ్నల్‌ను బాగా పెంచే) ఆంప్‌లో దశకూ దశకూ మధ్య చిన్న విలువ గల కెపాసిటర్లు పెట్టి, కింది స్వరాలను కొంత కొంత కోసేస్తారు. అలా కోయకపోతే లావు తీగల ధ్వని తరువాతి దశను ముంచేసి, రిఫ్ అంతా బురదగా వినిపిస్తుంది. నాణ్యమైన మెటల్ ఆంప్‌కూ, గెయిన్ మాత్రమే ఎక్కువగా ఉన్న మామూలు ఆంప్‌కూ తేడా చాలావరకు ఈ కోతలోనే ఉంటుంది.

ఆ కోత పీవీకి బాగా తెలుసు. ఎక్కువ డిస్టార్షన్ ఇచ్చే లీడ్ చానల్‌లో ప్రీ గెయిన్ (ప్రీయాంప్‌లో సిగ్నల్ ఎంత పెరగాలో నిర్ణయించే నాబు) నాలుగు మీద పెట్టి, ఆరో తీగను రెండు స్వరాలు దించి సీకి శ్రుతి చేసి, అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి మీటి చూడండి. స్వరం ఠక్కున పుట్టి, చేయి ఆపిన క్షణంలోనే ఆగుతుంది. రవ్వ సరిగ్గా అంటించిన మృదంగపు తొప్పి మీద చేయి వేసినప్పుడు గుంభనంగా పలికి వెంటనే అణిగిపోయే నాదంలో ఎలాంటి క్రమశిక్షణ ఉంటుందో, మెటల్ గిటారు కింది తీగలో నేను వెతికేది అలాంటి క్రమశిక్షణనే. ఇలా అరచేతితో అణచి వేగంగా వాయించే పామ్ మ్యూట్ రిఫ్‌లలో ప్రతి దెబ్బా విడివిడిగా వినబడాలంటే ఇది లేకుండా కుదరదు. ఎగువ మధ్యమ శ్రేణిలో ఈ ఆంప్‌కు ఒక సహజమైన కరకుదనం ఉంది. ఒంటరిగా వాయిస్తున్నప్పుడు అది చెవికి కొంచెం గట్టిగా తగిలినా, డ్రమ్ములు, బేస్ చేరగానే గిటారును ముందుకు తెచ్చేది ఆ కరకుదనమే.

రిథమ్ చానల్‌లో క్రంచ్ బటన్ నొక్కితే 1980ల నాటి మెటల్ ధ్వనికి చేరువవుతుంది. బటన్ తీసేస్తే వచ్చే క్లీన్ ధ్వని పనికి వస్తుంది, అంతకుమించి చెప్పడానికేమీ లేదు. తీగలను విడివిడిగా మీటే నిశ్శబ్దమైన ఆర్పెజ్జియోలతో మొదలై తరువాత విరుచుకుపడే పాటలు ఎక్కువగా వాయించేవారు ఈ విషయం గమనించాలి. రెండు చానళ్ళకూ ఒకే లో, మిడ్, హై నాబులు ఉండటం నిజమైన పరిమితి. లీడ్‌కు కుదిరిన సెట్టింగు క్లీన్‌కు కుదరదు. పాట మధ్యలో వంగి నాబులు తిప్పడం సాధ్యం కాదు.

నాబుల గురించి ఒక మాట చెప్పాలి. మన ఊళ్ళ కుర్రవాళ్ళలో చాలామంది మిడ్‌ను సున్నాకు దించి, లో, హై రెండింటినీ పదికి పెంచుతారు. గదిలో ఒంటరిగా వాయిస్తున్నప్పుడు అది బ్రహ్మాండంగా అనిపిస్తుంది, బృందంలోకి వెళ్ళగానే గిటారు మాయమవుతుంది. కింది శ్రేణిని బేస్ గిటారు, కిక్ డ్రమ్ ఆక్రమిస్తాయి, పై శ్రేణిని సింబల్స్ ఆక్రమిస్తాయి. గిటారుకు మిగిలేది మధ్యమ శ్రేణి ఒక్కటే. దాన్ని మనమే తీసేసుకుంటే వినబడటానికి ఏమీ మిగలదు. నేను మిడ్‌ను ఐదుకు పైన ఉంచి, గెయిన్‌ను సరిపడినంతలో ఆపుతాను. ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, దాని డ్రైవ్ పూర్తిగా తగ్గించి, లెవెల్ పూర్తిగా పెంచుతాను. ఆ పెడల్ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న శ్రేణికి గెయిన్ తగ్గిస్తుంది కనుక, కింది తీగలు ప్రీయాంప్‌లోకి వెళ్ళకముందే కొంత పలచబడతాయి. మెటల్ గిటారిస్టులు దశాబ్దాలుగా పాటిస్తున్న ఈ పద్ధతి ఈ చిన్న హెడ్‌కు పెద్ద హెడ్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. కారణం దాని పవర్ సెక్షన్‌లో ఉంది, అది కాసేపట్లో చెబుతాను.

ఇంట్లో వాయించడం గురించి మాట్లాడాలంటే వాట్ల లెక్క తెలిసి ఉండాలి. శక్తి రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలు బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పదింతలు కావాలి. సెలెస్షన్ వింటేజ్ 30 స్పీకరుకు 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ వస్తుందని తయారీదారు లెక్క. దాని ప్రకారం 20 వాట్లకు 113, పెద్ద హెడ్ ఇచ్చే 120 వాట్లకు దాదాపు 121 డెసిబెల్స్. వాట్లు ఆరింతలైనా తేడా ఎనిమిది డెసిబెల్స్‌కు మించలేదు. ఈ హెడ్ వెనుక 20, 5, 1 వాట్ల మధ్య మార్చుకునే స్విచ్ ఉంది. 1 వాట్ అంటే పడకగదికి సరిపోయేంత చిన్నదని చాలామంది అనుకుంటారు. ఆ 1 వాట్ పూర్తిగా వాడితే వచ్చే ధ్వని పక్కింటివారిని నిద్రలేపుతుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దు విధించాయి. గోడకు గోడ ఆనుకుని ఉండే మన అపార్టుమెంట్లలో గిటారు ఆంప్ ఎన్ని వాట్లదైనా ఆ హద్దును సునాయాసంగా దాటేస్తుంది.

అందుకని ఇంట్లో కీలకమైనది రెండు విషయాలు: మాస్టర్ వాల్యూమ్ చాలా తక్కువలో ఉన్నప్పుడు ధ్వని పలచబడకుండా నిలబడుతుందా అన్నది ఒకటి, స్పీకరు లేకుండా రికార్డు చేసుకునే దారి ఉందా అన్నది రెండోది. మొదటి విషయంలో ఈ హెడ్‌కు నేను పూర్తి మార్కులు ఇస్తాను. డిస్టార్షన్ అంతా ప్రీయాంప్‌లోనే పుడుతుంది కనుక, పోస్ట్ గెయిన్ (ఈ హెడ్‌లో మాస్టర్ వాల్యూమ్ నాబు) ఒకటికి కాస్త పైన ఉన్నా రిఫ్ రిఫ్‌లాగే ఉంటుంది. ఇంట్లో వినేటప్పుడు చెవికి కింది స్వరాలు సహజంగానే తక్కువగా తోస్తాయి కాబట్టి కింది స్వరాలను పెంచే రెజొనెన్స్ నాబును కొంచెం పెంచుకుంటే సరిపోతుంది. రెండో విషయంలో కూడా ఇది బాగా ఆలోచించి చేసిన వస్తువు. వెనుక ఉన్న ఎంఎస్‌డీఐ (మైకు లేకుండా నేరుగా మిక్సరుకు కలిపే) ఔట్‌పుట్‌లో స్పీకరు, మైకు ధ్వనిని అనుకరించే సర్క్యూట్ ఉంది. యూఎస్‌బీ ద్వారా నేరుగా కంప్యూటరుకు కలుపుకోవచ్చు. స్పీకరును నిశ్శబ్దం చేసే స్విచ్ కూడా ఉంది. పిల్లలు నిద్రపోయాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించే గృహస్థుకు ఈ స్విచ్ ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఆ అనుకరణ సర్క్యూట్ ధ్వని డెమో రికార్డింగుకు చాలు. అంతకంటే నాణ్యత కావాలంటే స్పీకరు బదులు ఆంప్ శక్తిని స్వీకరించే టూ నోట్స్ క్యాప్టర్ వంటి లోడ్ బాక్సు పెట్టుకుని, కంప్యూటరులో క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్‌లు (అసలు క్యాబినెట్ ధ్వని స్వభావాన్ని నమోదు చేసిన ఫైళ్ళు) వాడుకోవడం మేలు.

ఇక గుంటూరు హాలు. అసలు పరీక్ష జరిగేది అక్కడే. రెండు కిక్ పెడళ్ళతో వాయించే మెటల్ డ్రమ్మర్ పక్కన నిలబడినప్పుడు 20 వాట్ల ఈఎల్84 హెడ్ బిగ్గరగానే వినబడుతుంది. చిన్న ఆంప్ వినబడదేమోనన్న భయం అక్కరలేదు. మారేది ధ్వని స్వభావం. కింది స్వరాలకు శక్తి ఎక్కువ కావాలి. సీకి దించిన తీగ 65 హెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది. ఆ స్వరాన్ని బిగ్గరగా, శుభ్రంగా అందించాలంటే పవర్ ట్యూబులకు ఇంకా కొంత మిగులు శక్తి ఉండాలి. ఒక ఈఎల్84 ట్యూబు ప్లేటు భరించగలిగిన వేడి 12 వాట్లు, 6ఎల్6జీసీ ట్యూబుకు 30 వాట్లు. ఈ తేడా డ్రమ్ముల పక్కన చెవికి స్పష్టంగా తెలుస్తుంది. పోస్ట్ గెయిన్ సగం దాటాక ఈఎల్84 జంట అణగడం మొదలుపెడుతుంది. పామ్ మ్యూట్ చేసినప్పుడు ఇంట్లో వినిపించిన ఆ ఠక్కుమనే అంచు మెత్తబడుతుంది. లీడ్ సోలోలకు ఆ అణుకువ అందంగానే ఉంటుంది, స్వరం పాడినట్టుగా సాగుతుంది. వేగవంతమైన రిథమ్‌కు మాత్రం అది పనికిరాదు. ఇది ఈ ఒక్క మోడల్ లక్షణం కాదు, ఈ ట్యూబు జంటతో వచ్చే చిన్న హెడ్‌లన్నింటికీ ఉండేదే.

అదే హాలులో 50 వాట్ల ఈవీహెచ్ హెడ్ పెట్టినప్పుడు శబ్దం అంతగా పెరగలేదు. లెక్క ప్రకారం పెరిగేది నాలుగు డెసిబెల్స్ మాత్రమే. కింది తీగ బిగువు మాత్రం పూర్తిగా మారిపోయింది. నేల అదిరినా రిఫ్ అంచులు చెదరలేదు. తమ ధ్వనిలో వేగం, బిగువు ప్రధానమైనవారు, క్రమం తప్పకుండా డ్రమ్ములతో కలిసి వాయించేవారు, రెండు 6ఎల్6 ట్యూబులున్న 50 వాట్ల హెడ్‌కు డబ్బు కూడబెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నాలుగు పవర్ ట్యూబుల 100, 120 వాట్ల హెడ్‌లు ఈ రెండు ఊళ్ళలో దాదాపు ఎవరికీ అవసరం లేదు. మన వేదికలపై గిటారు ఆంప్ ముందు మైకు పెట్టి, సౌండ్ సిస్టమ్ వారి మిక్సరు ద్వారానే జనానికి వినిపిస్తారు. ఇరవై కిలోలకు పైగా బరువున్న హెడ్‌ను మూడో అంతస్తు మెట్లెక్కించి తెచ్చిన లాభం అక్కడ కనబడదు. అలా మైకు పెట్టే చోట 20 వాట్ల ఈ చిన్న హెడ్‌ను దాని బిగువు నిలిచే వాల్యూమ్‌లోనే ఉంచి, మిగిలిన పని సౌండ్ సిస్టమ్‌కు వదిలిపెట్టవచ్చు. కళాశాల ఉత్సవాల్లో నేను అనుసరించే మార్గం అదే. ఎంఎస్‌డీఐ నుంచి నేరుగా మిక్సరుకు లైన్ ఇస్తే, గిటారు ఆంప్‌కు మైకు పెట్టడం అలవాటు లేని ఆపరేటరుకు కూడా ఇబ్బంది ఉండదు.

మార్షల్ డీఎస్ఎల్20 హెచ్ఆర్ మరో స్వభావానికి చెందినది. ఇందులో పవర్ సెక్షన్‌కు రెండు ఈఎల్34 ట్యూబులు ఉన్నాయి. ఆ ట్యూబులు వేరే ఆంప్‌లలో 50 వాట్లు ఇవ్వగలవు, ఇక్కడ వాటిని 20 వాట్లకే నడుపుతారు, 10 వాట్లకు తగ్గించే స్విచ్ కూడా ఉంది. దీని మధ్యమ శ్రేణి నిండుగా, కొంచెం గొంతు తెరిచి అరిచినట్టుగా ఉంటుంది. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800 మోడల్‌తో బ్రిటిష్ మెటల్‌కు అలవాటైన చెవికి ఇది సొంత ఇంటికి వచ్చినట్టుంటుంది. ట్యూబ్ స్క్రీమర్ ముందు పెట్టి, అల్ట్రా గెయిన్ చానల్‌లో ఐరన్ మెయిడెన్, జూడాస్ ప్రీస్ట్ తరహా జంట గిటార్ల రాగాలు వాయించేవారికి పీవీ కంటే దీన్నే నేను సిఫారసు చేస్తాను. తీగలు మామూలు శ్రుతిలో ఉంచుకునేవారికి కూడా ఇదే మేలు. ఏడు తీగల గిటారు, దించిన శ్రుతి, డెత్ మెటల్ రిఫ్‌లు అంటే మాత్రం పీవీ ముందుంటుంది. మార్షల్ క్లీన్ చానల్ పీవీ కంటే నిస్సందేహంగా మంచిది.

అసలు ట్యూబులే కావాలా అని అడిగేవారికి నిజాయితీగా సమాధానం చెప్పాలి. పాంటెరా గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ రాండల్ కంపెనీ ట్రాన్సిస్టర్ ఆంప్‌తోనే మెటల్ చరిత్రలో నిలిచిపోయే ధ్వని సృష్టించారు. ఇవాళ ఆంప్ ధ్వనిని కంప్యూటరు లెక్కలతో అనుకరించే డిజిటల్ మోడలర్లతో ప్రపంచమంతా తిరిగే బృందాలు ఎన్నో ఉన్నాయి. రికార్డింగులో రెంటికీ తేడా పట్టుకోవడం నాకూ చాలాసార్లు కష్టమే. తేడా నాకు తెలిసేది వేళ్ళ కింద, స్పీకరు ముందు నిలబడి వాయిస్తున్నప్పుడు. తీగను మెల్లగా మీటితే డిస్టార్షన్ తగ్గడం, గిటారు వాల్యూమ్ నాబు తిప్పగానే రిఫ్ శుభ్రపడటం, ఫీడ్‌బ్యాక్ స్వరం చేతి కదలికకు లొంగడం వంటివి ట్యూబ్ ఆంప్‌లో ఎక్కువ సహజంగా జరుగుతాయి. ఇవి అవసరం లేనివారు మోడలర్ కొనుక్కుంటే డబ్బు, నడుము రెండూ కాపాడుకుంటారు.

క్యాబినెట్‌కు హెడ్‌తో సమానమైన శ్రద్ధ ఇవ్వాలి. వెనుక పూర్తిగా మూసిన క్యాబినెట్, 12 అంగుళాల స్పీకరు మెటల్‌కు తప్పనిసరి. వెనుక తెరిచి ఉన్న కాంబోలలో (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉన్నవాటిలో) కింది స్వరాలు చెల్లాచెదురవుతాయి. వింటేజ్ 30 మధ్యమ శ్రేణిని ముందుకు తెస్తుంది. సెలెస్షన్‌దే అయిన జీ12టీ-75 స్పీకరు మధ్యలో కొంచెం ఖాళీ ఉంచి, పైనా కిందా మెరుస్తుంది, పైగా 97 డెసిబెల్స్ లెక్కతో అదే శక్తికి మూడు డెసిబెల్స్ తక్కువ పలుకుతుంది. మన ఊళ్ళలో డీజే బాక్సులు, సౌండ్ బాక్సులు చేసే వడ్రంగులు చాలామంది ఉన్నారు. 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ ఇచ్చి, కొలతలు స్పష్టంగా గీసి ఇస్తే గట్టి క్యాబినెట్ చేసిపెడతారు. నా వద్ద ఉన్న రెండు స్పీకర్ల క్యాబినెట్ అలా చేయించినదే. దాని అతుకులలో ఎక్కడా గిలకొట్టుకునే శబ్దం లేదు. పార్టికల్ బోర్డు మాత్రం ఒప్పుకోకండి, కృష్ణ పక్కన ఉన్న ఊళ్ళ తేమకు అది ఉబ్బుతుంది.

ఓమ్‌ల లెక్క, అంటే స్పీకరు నిరోధపు లెక్క, ట్యూబ్ ఆంప్‌కు ప్రాణసమానం. రెండు 16 ఓమ్ స్పీకర్లను సమాంతరంగా కలిపితే 8 ఓమ్‌లు, రెండు 8 ఓమ్ స్పీకర్లను అలాగే కలిపితే 4 ఓమ్‌లు అవుతాయి. హెడ్ వెనుక రాసిన ఓమ్ విలువకు క్యాబినెట్ విలువ సరిపోవాలి. స్పీకరు కలపకుండా ట్యూబ్ హెడ్‌ను వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో విపరీతమైన వోల్టేజి పుట్టి దాన్ని కాల్చేయగలదు. స్పీకరును ఆపే ఏర్పాటు ప్రత్యేకంగా ఉన్న హెడ్‌లకు మాత్రమే, ఆ ఏర్పాటు వాడినప్పుడు మాత్రమే మినహాయింపు. హెడ్‌కూ క్యాబినెట్‌కూ మధ్య గిటారు కేబుల్ వాడకూడదు, స్పీకరు కేబులే వాడాలి. రెండింటి చివరా ఒకే రకం జాక్ ఉండటం వల్ల ఈ పొరపాటు సులభంగా జరుగుతుంది.

విద్యుత్తు విషయం మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అమెరికాలో చదువుకుంటున్న తమ్ముడో, ఉద్యోగం చేస్తున్న బావగారో వచ్చేటప్పుడు ఆంప్ తెస్తారంటే, ముందు వెనుక ప్యానెల్ ఫొటో తెప్పించుకుని వోల్టేజి మార్చే వీలుందో లేదో చూడండి. ఆ వీలు లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది కూడా వోల్టేజిని మాత్రమే మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు, కాబట్టి 60 హెర్ట్జ్‌కు మాత్రమే తయారుచేసిన ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది. మే నెల రాత్రి వీధిలో ఏసీలన్నీ ఒకేసారి నడిచేటప్పుడు ఇంట్లో వోల్టేజి పడిపోవడం మనకు తెలిసిందే. ట్యూబు లోపలి హీటరుకు 6.3 వోల్టులు అందాలి. సరఫరా 190కి పడితే హీటరుకు అందేది 5.2 వోల్టులే. అప్పుడు ధ్వని నీరసించడమే కాక, అలాగే నడిపితే ట్యూబుల ఆయుష్షు తగ్గుతుంది. అందుకని మంచి స్టెబిలైజరు పెట్టుకోవడం ఖర్చు అనుకోకూడదు. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టరు మీద వాయించాలనుకుంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకం కావాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద హై గెయిన్ ఆంప్ పెట్టే బుర్రుమనే శబ్దం భరించలేం, ట్రాన్స్‌ఫార్మర్‌కూ మంచిది కాదు.

ఎర్తింగ్ లేని గదిలో ఏ హై గెయిన్ ఆంప్‌నూ నమ్మవద్దు. ఇది ధ్వని కంటే ముందు ప్రాణానికి సంబంధించిన విషయం. తీగల మీద చేయి, మైకు మీద పెదవి ఉన్నప్పుడు రెండు పరికరాల ఎర్తింగ్‌లో తేడా ఉంటే షాక్ కొడుతుంది. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గుతో వచ్చే ఆంప్‌ను ఎవరి దగ్గరా వాయించకండి. ఎర్తింగ్ సరిగ్గా ఉన్నా హమ్ వస్తుంటే సీలింగ్ ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటరును ఒకసారి ఆపి చూడండి, చాలా ఇళ్ళలో సగం శబ్దం అక్కడి నుంచే వస్తుంది. హమ్‌ను తగ్గించే హమ్‌బకర్ పికప్‌లున్న గిటారు వాడండి. వాయించనప్పుడు శబ్దాన్ని ఆపే నాయిస్ గేట్ పెడల్ మెటల్ వాయించేవారికి విలాసం కాదు. రిఫ్‌ల మధ్య నిశ్శబ్దం కూడా ఈ సంగీతంలో తాళంలో భాగమే.

కొనడం దగ్గరికి వస్తే, విజయవాడ, గుంటూరు వాద్య పరికరాల దుకాణాల్లో నాకు కనిపించేవి ఎక్కువగా కీబోర్డులు, రిథమ్ ప్యాడ్లు, డ్రమ్ కిట్లు, చర్చిలకు, పెళ్ళి ఆర్కెస్ట్రాలకు కావలసిన మిక్సర్లు, సౌండ్ బాక్సులు. ఆ గిరాకీని బట్టి సరుకు పెట్టుకుంటారు, అందులో తప్పేమీ లేదు. మా ప్రాంతపు గిటారిస్టులలో చాలామంది చర్చి క్వయర్‌లలో చేయి తిరిగినవారే, వారికి కావలసింది క్లీన్ ధ్వని. హై గెయిన్ ట్యూబ్ హెడ్ వాయించి చూసి కొనాలంటే హైదరాబాదో, బెంగళూరో, చెన్నయో వెళ్ళడం మేలు. వెళ్ళేటప్పుడు మీ గిటారు, మీ పెడల్ తీసుకెళ్ళండి. దుకాణంలో గెయిన్ మధ్యలో పెట్టి, అతి తక్కువ వాల్యూమ్‌లో కింది తీగ పామ్ మ్యూట్ వినండి, తరువాత వాల్యూమ్‌ను డ్రమ్ముల స్థాయికి తెచ్చి అదే రిఫ్ వినండి. రెండింటి మధ్య బిగువు ఎంత సడలిందో అదే మీ నిర్ణయానికి ఆధారం. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, ట్యూబులు సాకెట్లలో సరిగ్గా కూర్చున్నాయో చూసి, క్యాబినెట్ కలిపాకే స్విచ్ వేయండి. వాయించడం అయ్యాక ట్యూబులు చల్లారేవరకు హెడ్‌ను కదిలించవద్దు. వేడి మీద ఉన్నప్పుడు కృష్ణ మీది వారధిపై కారు కుదుపులు వాటి లోపలి సున్నితమైన భాగాలకు మంచివి కావు.

ట్యూబులు అరిగిపోయే వస్తువులు. ఇవాళ కొత్తవి ప్రధానంగా స్లొవేకియాలోని జేజే, రష్యాలోని సరాటోవ్ ఫ్యాక్టరీ, చైనా ఫ్యాక్టరీల నుంచి వస్తున్నాయి. 2022లో రష్యా సరుకుకు అంతరాయం ఏర్పడినప్పుడు ప్రపంచమంతటా వీటి కోసం వెతుకులాట మొదలైంది కనుక, ఒక జత ఈఎల్84, రెండు 12ఏఎక్స్7 విడిగా కొని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకోవడం తెలివైన పని. ఈఎల్84 చవకైనదీ సులభంగా దొరికేదీ కావడం ఈ హెడ్‌కు మరో అనుకూలత. పవర్ ట్యూబు పరిస్థితి చూపే లైట్లు దీనికి ఉన్నాయి, వాటిని బట్టి ఏ ట్యూబు పోయిందో మెకానిక్కు అవసరం లేకుండానే తెలుస్తుంది. లోపల విప్పవలసిన పని పడితే మాత్రం మీరు చేయి పెట్టకండి. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. వాల్వు రేడియోలు బాగుచేసిన పాత తరం మెకానిక్కులు రెండు ఊళ్ళలోనూ ఇంకా కొందరు ఉన్నారు, వారికి ఈ సర్క్యూట్ కొత్తది కాదు. వారి దగ్గరికి వెళ్ళేటప్పుడు సర్క్యూట్ డయాగ్రమ్ ముద్రించి తీసుకెళ్ళండి. ఫ్యూజు పోయినప్పుడు మాత్రం వెనుక ప్యానెల్‌పై రాసిన విలువ, రాసిన రకమే వేయాలి. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేసి నడిపిస్తే తరువాత కాలేది ట్రాన్స్‌ఫార్మరే, దాని ఖరీదు కొత్త హెడ్ ఖరీదులో పెద్ద భాగం అవుతుంది.